వాన కాలువలో వాననీరే పారవలెను

వర్షకాలము సమీపించుచున్నదనగానే రైతు చెరువు కట్టను చూచుకొనును, తూమును సరిచేయించుకొనును, నారుమడికి విత్తనము సిద్ధపరచుకొనును. పట్టణములోని మోరీ వంక మాత్రము చూడడు. అది పురపాలక సంఘమువారి పని యనియు, పట్టణవాసుల గొడవ యనియు ఊరకుండును. కావుననే ఈ నెల మేము ఎరువులను గూర్చియు ధాన్యపు ధరలను గూర్చియు వ్రాయక, పట్టణపు వాననీటి కాలువలను గూర్చి వ్రాయుట చూచి కొందఱు సభ్యులు ఆశ్చర్యపడవచ్చును. వారికి మా సమాధానము ఒక్కటే. ఆ కాలువ మొదలగునది పట్టణవాసి ఇంటి ముందర. ముగియునది మన పొలములో.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అను ఈ మూడు పట్టణములును చెరువుల నడుమను, వాగుల యొడ్డునను పెరిగినవి. జగిత్యాల వీధుల నీరు పల్లమునకు జారి చింతకుంట వంటి చెరువులను చేరును. కోరుట్ల నీరు వాగునకు దిగును. సిరిసిల్ల నీరు మానేటికి పోవును. ఆ పట్టణమునకు దిగువనే 25 టి.ఎం.సి.లకు పైగా నీరు పట్టెడి మధ్య మానేరు జలాశయమున్నది. అక్కడినుండి నీరు దిగువ మానేరును చేరి, కరీంనగరమునకు త్రాగునీరై, కాకతీయ కాలువ క్రింది పొలములకు సాగునీరై పారును. సిరిసిల్ల సందులో ఒకడు ఒలకబోసిన బిందెడు నీరు ఎంత దూరము ప్రయాణము చేయగలదో దీనినిబట్టి సభ్యులు ఊహించుకొనవచ్చును.

మన పెద్దలు చెరువులు కట్టునప్పుడు కట్టకు పైనున్న భూమినంతటిని చెరువులోని భాగముగనే ఎంచిరి. ఒర్రెలన్నియు చెరువునకు నీరు తెచ్చునవి. ఒక చెరువు మత్తడి దూకిన నీరు దిగువ చెరువును నింపును. నీరటివాడు కట్టను, తూమును మాత్రమే గాక పై ఒర్రెలను గూడ చూచుచుండెడివాడు. తరువాత పట్టణములు పెరిగినవి. ఒర్రెల యొడ్డున ఇండ్లు లేచినవి, కొన్నిచోట్ల ఒర్రెలమీదనే లేచినవి. మిగిలిన ఒర్రెకు ఇరుప్రక్కల సిమెంటు గోడ కట్టి దానికి మోరీ యని పేరు పెట్టిరి. పేరు మారినను నేల వాలు మారలేదు. 2021 సెప్టెంబరు మొదటి వారములో కురిసిన కుంభవృష్టికి సిరిసిల్ల వీధులు వాగులై పారినప్పుడు ఈ సంగతి అందఱికిని తెలిసివచ్చినది. నీరు తన పాత దారిని మఱచిపోలేదు.

ఇక్కడ ఒక భేదమును గ్రహింపవలెను. పట్టణమునకు రెండు విధములైన కాలువలు కావలయును. ఒకటి ఇండ్లలోని మురుగును శుద్ధికేంద్రమునకు చేర్చునది. రెండవది వాననీటిని సూటిగ చెరువునకో వాగునకో చేర్చునది. మొదటిదాని చివర శుద్ధి యున్నది. రెండవదాని చివర శుద్ధి లేదు, ఉండవలసిన పనియు లేదు, ఏలయన అందులో పారవలసినది వాన నీరే. మన చిన్న పట్టణములలో ఈ రెండు పనులను ఒకే తెరపి మోరీ చేయుచున్నది. వాన పడునది సంవత్సరములో కొన్ని నెలలు మాత్రమే. తక్కిన నెలలలో అందులో పారునది ఏమి? స్నానపు నీరు, వంట నీరు, సెప్టిక్ ట్యాంకు పొర్లిన నీరు, మోటారు షెడ్లలోని పాత నూనె, మాంసపు దుకాణములు కడిగిన నీరు, సాంచెల నూలునకు పెట్టిన గంజి, అద్దకపు తొట్ల రంగు నీరు, ఉప్పుడు బియ్యపు మిల్లులలో వడ్లు నానబెట్టి విడిచిన నీరు. వీనికి తోడు ప్లాస్టిక్ సంచులు. ఎండకాలమంతయు మోరీలో పేరుకొన్న ఈ మడ్డి తొలకరి వానకు ఒక్కసారిగ కదలి చెరువులో పడును. చెరువు నిండినదని మనము సంతోషించు దినముననే అందులో చేపలు తేలిపోవుట ఇందువలననే.

"మురుగు నీరు బలమైన ఎరువు, దానితో వరి ఏపుగా పెరుగును" అని మనలో కొందఱు సంతృప్తి పడుచున్నారు. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. మురుగులో నత్రజని యున్నది. కాని అది ఎప్పుడు ఎంత కావలయునో నిర్ణయించునది రైతు గాదు, పట్టణము. పొట్టదశలోను గింజ పాలు పోసుకొను వేళను గూడ నత్రజని ఆగక పాఱుచుండిన యెడల వరి ఆకు పెంచును గాని గింజ పెంచదు. పైరు పడిపోవును. అగ్గితెగులు, దోమ వచ్చును. తాలు ఎక్కువగును. ఎరువు మీద మిగిలిన రూపాయలు పురుగుమందు మీద ఖర్చగును. నాటువేయ దిగిన ఆడవారి కాళ్లకు దురదలు, పుండ్లు పుట్టుట వేఱు. ఇది ఇండ్ల మురుగు మాట. అద్దకపు నీటి సంగతి ఇంతకంటె కఠినమైనది. నూలునకు రంగు పట్టుటకు ఉప్పును, చౌటి క్షారములను విరివిగా వాడుదురు. రంగు కంటికి కనబడును, ఉప్పు కనబడదు. రంగు కొంతకాలమునకు వెలిసిపోవును; ఉప్పులోని సోడియము మన నల్లరేగడిని పట్టుకొని గట్టిపరచి, నీరు ఇంకనీయక, నేలను చవుడుగా మార్చును. అట్టి నేలను మరల బాగుచేయుటకు జిప్సము తోలవలెను, మంచినీటితో కడుగవలెను, ఏండ్ల తరబడి కనిపెట్టుకొని యుండవలెను. బావులలోనికి దిగిన ఉప్పును తీయుట అంతకంటెను దుర్లభము.

చట్టము లేదా యని అడుగుదురేమో, ఉన్నది. 1974 నాటి జలకాలుష్య నివారణ, నియంత్రణ చట్టములోని 24వ సెక్షను విషపదార్థమును గాని, కాలుష్య పదార్థమును గాని ఏ ప్రవాహములోనికిని, బావిలోనికిని, మురుగుకాలువలోనికిని, నేలమీదికిని తెలిసి విడుచుటను నిషేధించినది. సూటిగ విడిచినను, ఇతర మార్గమున చేరనిచ్చినను ఒకటే. ఆ చట్టములో ప్రవాహమనగా పారుచున్న వాగు మాత్రమే గాదు, ప్రస్తుతము ఎండియున్న వాగు గూడ. ఈ నిర్వచనము మన ప్రాంతమునకు మిక్కిలి ఉపకరించునది. మన ఒర్రెలు ఏడెనిమిది నెలలు ఎండియేయుండును గదా! 25వ సెక్షను ప్రకారము వ్యర్థజలమును క్రొత్తగా విడువదలచిన కర్మాగారము కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ముందుగా పొందవలెను. చెత్త సంగతియు ఇట్లే. మోరీలలోను, చెరువులలోను చెత్త వేయరాదని 2016 నాటి ఘనవ్యర్థ నియమములు స్పష్టముగ చెప్పినవి.

ఇక కొలతల మాట. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమముల ఆరవ షెడ్యూలులో వ్యర్థజలమునకు సాధారణ ప్రమాణములు కలవు. వానిలో ముఖ్యమైనది బి.ఓ.డి. అనునది. నీటిలోని కుళ్లు పదార్థమును సూక్ష్మజీవులు తినివేయుటకు ఎంత ప్రాణవాయువు ఖర్చగునో అది తెలుపును. సంఖ్య పెరిగినకొలది కుళ్లు ఎక్కువయని అర్థము. వాగునకో చెరువునకో విడుచు నీటిలో ఇది లీటరునకు 30 మిల్లీగ్రాములు మించరాదు. సాగుకొఱకు నేలమీద విడుచు నీటిలో 100 మించరాదు. పట్టణపు మురుగుకాలువలోనికి విడుచునప్పుడు మాత్రము 350 వరకు ఒప్పుదురు.

ఈ 350 అను అంకెను సభ్యులు బాగుగ గుర్తుంచుకొనవలెను. మురుగుకాలువకు ఇంత సడలింపు ఏల యిచ్చిరి? ఆ కాలువ చివర శుద్ధికేంద్రమున్నదను నమ్మకముతో ఇచ్చిరి. మన మోరీ చివర చెరువున్నది. అట్టి మోరీలోనికి నీరు విడుచువాడు "నేను పట్టణపు కాలువలోనికే కదా విడుచుచున్నాను" అని 350 లెక్క చూపిన యెడల, వాగునకు చట్టము విధించిన హద్దు కంటె దాదాపు పండ్రెండు రెట్ల కుళ్లు మన తూములోనికి వచ్చును. కాగితము మీద అతడు నేరస్థుడు గాడు. పొలములో నష్టపోయినవాడు రైతు. కావున చివర శుద్ధికేంద్రము లేని ప్రతి మోరీని వాగుగనే ఎంచవలెననియు, దానికి వాగు ప్రమాణమునే వర్తింపజేయవలెననియు మా అభిప్రాయము. ఈ వ్యాసములో మేము చెప్పదలచిన ప్రధాన విషయము ఇదియే.

ఇతర దేశములవారు ఈ చిక్కును ఎట్లు విప్పుకొనిరో చూడదగును. అమెరికాలో 1972 నాటి శుద్ధజల చట్టము మొదట కర్మాగారముల గొట్టములమీద, మురుగు శుద్ధికేంద్రములమీద దృష్టి పెట్టెను. పట్టణపు వాన కాలువల ద్వారా వచ్చు మాలిన్యము అంత తేలికైనది గాదని తెలిసి, 1987లో ఆ చట్టమును సవరించి ఆ కాలువలకు గూడ అనుమతిపత్రములు విధించిరి. నాటినుండి అచ్చటి పట్టణములు వాన కాలువలోనికి వాననీరు తప్ప తక్కినదంతయు కూడదని నియమము చేసికొని, మంటలార్పిన నీరు, నేలలోనుండి ఊరిన నిర్మలమైన నీరు, తోట తడిపిన నీరు వంటి కొన్నిటిని మినహాయించినవి. కూడనివానిని లెక్కించుటకంటె కూడినవానిని లెక్కించుట సులభమని వారు కనుగొనిరి. ఈ పద్ధతి మన పురపాలక సంఘములకును అనుకూలమైనదే.

నియమమును సకాలమున అమలుపరుపని యెడల ఏమగునో తెలిసికొనుటకు అంత దూరము పోనక్కరలేదు. హైదరాబాదు చెంత పటాన్‌చెరువులో కర్మాగారములు వెలసిన తరువాత వాని రసాయనపు నీరు చెరువులలోనికి, నక్కవాగులోనికి దిగి, అటనుండి మంజీర వైపు పారెను. వాగు వెంబడి పల్లెలలో బావుల నీరు పనికిరాకపోయెను, పంటపొలములు పాడయ్యెను. రైతుల మొర 1990లో సుప్రీంకోర్టు వరకు పోయెను. నష్టపరిహారమునకు ఉత్తరువులు వచ్చినవి. కాని పరిహారము పంటకు బదులు గాదు. బావిని మరల తియ్యబరుపదు.

నేతకు, అద్దకమునకు పేరొందిన తిరుప్పూరు కథ సిరిసిల్లకు ఇంకను దగ్గఱిది. తమిళనాడులోని ఆ పట్టణపు ప్రక్క నొయ్యల్ నది కలదు. దానిమీద సాగుకొఱకు ఒరత్తుప్పాళయము వద్ద ఆనకట్ట కట్టి 1992లో పూర్తిచేసిరి. కొన్ని యేండ్లకే ఆ జలాశయము అద్దకపు నీటి గుంటగా మారెను. నీరు వదలుమని అడుగవలసిన రైతులు నీరు వదలవద్దని అడుగవలసి వచ్చినది! అప్పుడు నొయ్యల్ ఆయకట్టుదారులు సంఘముగ కూడి మద్రాసు హైకోర్టునకు పోయిరి. బొట్టు వ్యర్థజలమైనను బయటికి విడువరాదని 2006లో తీర్పు వచ్చెను. అది అమలుకాకపోగా 2011 జనవరిలో అద్దకపు కర్మాగారములను మూసివేయుమని ఆ న్యాయస్థానమే ఉత్తరువు చేసెను. దానితో అద్దకపు కూలీలకు పని పోయినది. రైతునకు భూమి అంతకు ముందే పోయినది. మొదటనే కొద్ది ఖర్చుతో శుద్ధి చేసికొనియుండిన యెడల ఇద్దఱును బ్రదికియుందురు.

ఈ సందర్భమున ఒక మాట స్పష్టముగ చెప్పవలసియున్నది. మేము నేతవారికి విరోధులము గాము. సిరిసిల్లలో సాంచె నడుపు కార్మికుడు మన పల్లెలనుండి పోయినవాడే. నాలుగు సాంచెలు పెట్టుకొని కూలికి బట్ట నేయు ఆసామి మనవలెనే అప్పులలో పుట్టి అప్పులలో పెరుగువాడు. అతనిని పట్టుకొని నీవే శుద్ధికేంద్రము కట్టుకొమ్మనుట న్యాయము గాదు. చిన్న అద్దకపుశాలలన్నిటిని ఒకచోట చేర్చి ఉమ్మడి శుద్ధికేంద్రమును ప్రభుత్వము సహాయముతో నిర్మించి, దాని నిర్వహణ వ్యయమును బట్ట కొనువారి ధరలో చేర్చవలెను. సహకార పద్ధతి ఇట్టి పనులకే పుట్టినది. ఒక్కడు మోయలేని బరువును పదుగురు పంచుకొనుటయే గదా సహకారమనగా!

పట్టణవాసులు మాకు ఒక ఆక్షేపణ చెప్పుదురు. "మాకు భూగర్భ మురుగుకాలువ లేదు. స్నానపు నీరు ఎక్కడ పోసికొనవలెను? నెత్తిన పెట్టుకొందుమా?" అని. ఇది త్రోసివేయదగిన మాట గాదు. అందువలన నియమములను మూడు తరగతులుగ విభజింపవలెనని మేము సూచించుచున్నాము. మొదటి తరగతి ఎన్నడును కూడనివి: రంగునీరు, నూనె, ఆమ్లములు, పురుగుమందులు, మందుల వ్యర్థములు, సెప్టిక్ ట్యాంకుల మలము, చెత్త. వీనిని నేడే ఆపవచ్చును. వీనికి భూగర్భ కాలువ వచ్చువరకు వేచియుండ పనిలేదు. సెప్టిక్ ట్యాంకు తోడిన బండి రాత్రివేళ మోరీలో దింపిపోవుటకు ఏ పేదరికమును కారణము గాదు. రెండవ తరగతి కొంతకాలము సహింపవలసినవి: ఇండ్ల స్నానపు, వంట నీరు. స్థలమున్న ప్రతి ఇంటను ఇంకుడు గుంట త్రవ్వించి, లేనివారి నీటిని చెరువులో పడకముందే జాలి కట్టి, మడ్డి తేరు గుంటలలో నిలిపి, రెల్లు పెంచిన మడుల గుండ పారించి విడువవలెను. దీనికి గడువు పెట్టవలెను. మూడవ తరగతి ఎల్లప్పుడును కూడినవి: వాననీరు, ఊటనీరు, మంటలార్పిన నీరు. ఇంతే. ఈ మూడింటిని తెలుగులో వ్రాయించి ప్రతి వీధి మొగమున కట్టించిన యెడల చదువనేర్చిన ప్రతివాడును గ్రహించును.

పరుల తప్పులెన్నిన పిమ్మట మన తప్పులను గూడ చెప్పుకొనవలెను. ఉప్పుడు బియ్యపు మిల్లులో నానబెట్టినది మనము పండించిన వడ్లే. దాని నీరు రెండు దినములలో కుళ్లి కంపుకొట్టుట మనకు తెలియనిది గాదు. మిల్లు యజమానికి వడ్లు అమ్ముకొను మనము ఆ మాట అడుగుటకు సంకోచించుచున్నాము. పురుగుమందు కొట్టిన పంపును కాలువలో కడుగువాడును, ఖాళీ డబ్బాను ఒర్రెలో పారవేయువాడును రైతే. సంఘపు గిడ్డంగి ముందు చిమ్మిన యూరియా తొలివానకు ఎక్కడికి పోవుచున్నదో మనమెన్నడైన చూచితిమా? మన చేతులు కడుగుకొనక పట్టణము వంక వ్రేలు చూపిన యెడల ఎవరును మన మాట వినరు.

కావున ప్రతి సహకార సంఘమును ఈ క్రింది పనులను చేయవలెనని మా మనవి. తొలకరికి ముందు అయిదారుగురు సభ్యులు కూడి, తమ చెరువునుండి బయలుదేరి పట్టణమువరకు ఒర్రె వెంబడి నడచి పోవలెను. ఏ గొట్టము ఎక్కడ కలియుచున్నది, నీటి రంగు, వాసన యెట్టిది అను సంగతులను తేదీతో సహా ఒక పుస్తకములో వ్రాయవలెను. కోపముతో చెప్పిన మాటకంటె పుస్తకములో వ్రాసిన మాటకు కచేరీలలో విలువ ఎక్కువ. చెరువు నీటిని, బావుల నీటిని సంవత్సరమునకు రెండుసార్లు, అనగా వానలకు ముందును తరువాతను, పరీక్ష చేయించి ఉప్పును, క్షారమును తెలిసికొనవలెను. జగిత్యాల చెంత పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానమున్నది. అచ్చటి శాస్త్రజ్ఞుల సలహా అడుగుటకు సందేహింపరాదు. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయలో మన రైతులు చెరువు పూడికమన్నును ఉత్సాహముగ పొలములకు తోలుకొనిరి. మంచి పనియే. కాని పట్టణపు మోరీ కలిసిన చెరువు మన్నును పరీక్షింపక పొలమునకు తోలరాదు.

మఱియొక హక్కు కలదు. దానిని మనవారిలో చాలమంది ఎఱుగరు. 1974 చట్టములోని 25వ సెక్షనుననుసరించి, అనుమతి పొందిన ప్రతివానికి విధించిన షరతులను కాలుష్య నియంత్రణ మండలి ఒక రిజిస్టరులో వ్రాసి యుంచవలెను. ఆ నీటివలన బాధింపబడువాడు ఎవడైనను తగు వేళలలో పోయి ఆ రిజిస్టరులో తనకు సంబంధించిన భాగమును చూడవచ్చును. దిగువ రైతు బాధింపబడువాడు గాక మఱెవ్వడు? ఆ షరతులను మన పుస్తకముతో పోల్చి చూచినచో అనుమతి యెంత, జరుగునది యెంత అను సంగతి తేలిపోవును. అప్పుడు మహాజన సభలో తీర్మానము చేసి, పురపాలక సంఘమునకును, మండలికిని, జిల్లా కలెక్టరునకును పంపవలెను. మోరీలను గూర్చి పురపాలక సంఘము ఆలోచించు ప్రతి సమావేశమునకు దిగువ ఆయకట్టు రైతుల ప్రతినిధి నొకనిని పిలువవలెనని ఆ తీర్మానములో కోరవలెను.

ఈ పనులకు పెద్ద ధనము అక్కరలేదు. కొన్ని దినముల నడక, ఒక పుస్తకము, కొన్ని సీసాల నీరు, ఒక తీర్మానము చాలును. చెరువు మనది, ఒర్రె మనది, పట్టణములో నున్నవారును మనవారే. చెరువు చవుడైన పిమ్మట పరిహారముకొఱకు కచేరీల చుట్టు తిరుగుటకంటె, ఈ తొలకరికి ముందే ఒక్క పూట ఒర్రె వెంట నడచుట మేలు కాదా? వచ్చు మహాజన సభలో ఈ విషయమును చర్చకు పెట్టవలెననియు, ఏయే సంఘములు ఒర్రె నడచినవో మాకు వ్రాసి తెలుపవలెననియు కోరుచున్నాము. అందిన వివరములను రాబోవు సంచికలలో ప్రకటింపగలము.